ఎదుటి చోట మగ్గు

"మా ఆయన్ని ఎత్తుకుపోయారు బాబూ," అంటూ వచ్చి కూలబడింది వాల్‌బుర్గా. డిటెక్టివ్ హాల్‌బవర్ పేపరు మడిచాడు. అసిస్టెంట్ ఆఫ్రా చేతిలో కాఫీ తొణికింది. తీరా అడిగితే పోయింది బీరు మగ్గు. మొగుడు కొర్బినియాన్ పోయి రెండేళ్లయింది.

శనివారం రాజభవనం చూడటం, ఆనక పక్కనున్న బీరుతోటలో కూర్చోవడం ఆ దంపతుల అలవాటు. ఒంటరిదయ్యాక కూడా ఆవిడ మానలేదు. తోటలో పాత ఖాతాదారుల మగ్గులు దాచే అరల్లో, తాళమేసిన తమ అరలోంచి ఆయన మగ్గు తీసి, ఎదుటి చోట పెట్టుకునేది. పోయిన శనివారం అర ఖాళీ. ఆవిడ బీరు ముట్టకుండా ఇంటికెళ్లిపోయింది.

"అది లేకపోతే నేనెవరితో కూర్చోను?" అంది.

మళ్లీ శనివారం ముగ్గురూ బయల్దేరారు. భవనంలో గైడు ఎమ్మెరాన్ అద్దాల గది చూపించాడు. కొర్బినియాన్‌కు ప్రాణస్నేహితుడు. ఆస్పత్రి నుంచి ఆయన కోటూ బూట్లూ ఇంటికి చేర్చింది అతనే. "రాజుగారు ఇక్కడ ఒంటరిగా భోంచేసేవారు," అంటూ వాల్‌బుర్గా వంకే చూశాడు.

తోటలో తుంపర పడుతోంది. వాల్‌బుర్గా కూర్చున్నది తప్ప బల్లలన్నీ ఖాళీ.

"తాళం చెక్కుచెదరలేదు సార్," అంది బీరు పోసే రోస్విటా. "ఒక తాళంచెవి అమ్మగారిది. రెండోది పెద్దాయన కోటు జేబులో ఉండేది, ఏమైందో మరి. పాత మగ్గుకి ఇంత గొడవేంటో."

"కంచే చేను మేసిందేమో సార్," అని ఆఫ్రా రోస్విటా వంక చూస్తూ గొణిగింది.

అంతలో పని ముగించుకుని ఎమ్మెరాన్ వచ్చాడు. భుజాన సంచి, చేతిలో ఇంటి నుంచి తెచ్చుకున్న మూట. రొట్టె, జున్ను, చుట్లుగా కోసిన ముల్లంగి, పెట్టుకుని తినడానికి రెండు చెక్కపలకలు. అన్ని బల్లలూ దాటుకుని ఆవిడ దగ్గరికే వచ్చాడు.

"ఈ చోటు ఖాళీయేనా?"

ఆవిడ అలవాటుగా మగ్గు చూపించబోయి ఆగిపోయింది.

హాల్‌బవర్ అందర్నీ ఆ బల్ల దగ్గరికి పిలిచాడు.

"తాళం పగల్లేదు కాబట్టి రెండో చెవి దొంగ దగ్గరుంది. కోటు మోసిందెవరు? సరే, ఎందుకు తీశాడు? ఇక్కడ చోటు అడిగితే ఎవరూ కాదనరు. కానీ మగ్గున్న చోట మనిషున్నట్టే లెక్క. రోస్విటా, ఈయన ఇలా అడగడం ఇదే మొదలా?"

"ప్రతి శనివారం అడుగుతారు సార్. అమ్మగారు మగ్గు చూపిస్తారు. పాపం, ఈయన పోయి ఆ మూల కూర్చుంటారు."

"ఇవాళ మాత్రం రెండు పలకలు తెచ్చారు. ఎదుట మగ్గుండదని ముందే తెలుసు."

ఆఫ్రా హాల్‌బవర్‌ని కళ్లప్పగించి చూసింది. ఎమ్మెరాన్ సంచిలోంచి మగ్గు తీసి బల్లమీద పెట్టాడు.

"పారెయ్యడానికి చేతులు రాలేదండీ. వాడు నాకూ కావాల్సినవాడే. మీతో కాసేపు కూర్చోవాలని రెండేళ్లుగా..."

వాల్‌బుర్గా మగ్గు తుడిచి ఎదుటి చోటే పెట్టింది. అతను వెళ్లిపోవడానికి మూట సర్దుకున్నాడు. అప్పుడు ఆవిడ పిడి పట్టుకుని మగ్గును మెల్లగా తన పక్కకు లాక్కుంది.

"కాస్త జరగవయ్యా," అంది దానితో. "మనవాడు ఎంతసేపని నిలబడతాడు?"