జంగప్ప పరిచిన బండలు

పెనం మీద జొన్నరొట్టె తిప్పుతూ సంతోషమ్మ పెరట్లోకి తొంగి చూసింది. భర్త జంగప్ప ఇంకా బనీను మీదే ఉన్నాడు. నీళ్ళ తొట్టి పక్కన గోడకు ఆనుకుని, ఎక్కడికీ వెళ్ళేది లేనట్టు కూర్చున్నాడు.

"బండి ఎనిమిదింటికి. ఇంక తానం గూడ చెయ్యకపోతివి," అంది.

"మీరు పోయి రాండ్రి. నేను ఇంటికాడ ఉంట."

సంతోషమ్మ రొట్టెను డబ్బాలో వేసి గట్టిగా మూత పెట్టింది. దసరా సెలవుల్లో హైదరాబాద్ తీసుకెళ్ళి విమానాల మ్యూజియం చూపిస్తానని కొడుకు డేవిడ్ తన కూతురికి మాట ఇచ్చాడు. డేవిడ్ తాండూరు దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. సెలవు దొరకడమే కష్టం. పదేళ్ళ రెబెక్క వారం రోజులుగా వేరే మాట మాట్లాడటం లేదు. జంగప్ప కూడా మొదట సరేనన్నాడు. నిన్న సాయంత్రం మనుమరాలు ఫోన్‌లో ఆ మ్యూజియం ఫోటో చూపించాకే ఆయన ముఖం మారింది. విల్లులా వంగిన పైకప్పు ఉన్న ఒక పెద్ద షెడ్డును చాలాసేపు చూసి, ఫోన్ తిరిగి ఇచ్చేసి, అన్నం సగంలో వదిలి లేచాడు.

చివరికి రెబెక్కే ఆయన్ను కదిలించింది. ఇస్త్రీ చొక్కా తెచ్చి ఒళ్ళో పెట్టి, తాత రాకపోతే తనూ వెళ్ళనని తొట్టి గట్టు మీద కూర్చుంది. జంగప్ప చొక్కాను జాగ్రత్తగా పక్కన పెట్టి, నీళ్ళ చెంబు అందుకున్నాడు.

రైల్లో ఆయన కిటికీ పక్కన ఎవరితోనూ పలకకుండా కూర్చున్నాడు. వికారాబాద్ స్టేషన్‌లో కోడలు జ్యోతిరాణి అనంతగిరి సీతాఫలాలు కొని, బాగా మాగిన కాయను ఏరి మామ చేతిలో పెట్టింది. ఆయన దాన్ని విప్పకుండా మనుమరాలికి ఇచ్చేశాడు. అది చూసిన సంతోషమ్మకు లోపల పాత కోపం కదిలింది. హైదరాబాద్ పేరెత్తితే ఈయన ఇలా అయిపోవడం ఆమెకు కొత్త కాదు.

ఇరవై ఏడేళ్ళ కిందట జంగప్ప తాండూరు చుట్టుపక్కల పేరున్న బండల పనివాడు. ఆయన పరిచిన నేల మీద గోలీ వదిలితే ఎటూ దొర్లేది కాదని చెప్పుకునేవారు. ఆ పేరు మీదే ఒక మేస్త్రి ఆయన్ను హైదరాబాద్‌లో ఏదో పెద్ద షెడ్డు పనికి తీసుకుపోయాడు. ఆరు నెలల తర్వాత జంగప్ప ఒట్టి చేతులతో తిరిగొచ్చాడు. కూలి ఏమైందని సంతోషమ్మ అడిగితే ఒక్క మాటే అన్నాడు. "తాగిన." అంతే. వికారాబాద్ హాస్టల్లో చదువుతున్న డేవిడ్‌ను ఆ ఏడు ఇంటికి తెచ్చుకోవలసి వచ్చింది. సంతోషమ్మ కంది చేలల్లో కూలికి పోయింది. జంగప్ప మళ్ళీ ఎప్పుడూ బండలు పరచలేదు. బండల పాలిష్ యూనిట్‌లో వాచ్‌మన్‌గా చేరి అక్కడే ముసలివాడయ్యాడు.

మ్యూజియం దగ్గర ఆటో దిగేసరికి పదకొండు దాటింది. గేటు పక్కన ఎత్తైన దిమ్మె మీద ముక్కు పైకెత్తి నిలబెట్టిన చిన్న విమానాన్ని చూసి రెబెక్క పరుగు తీసింది. డేవిడ్ టికెట్ల వరుసలో నిలబడ్డాడు. జంగప్ప మాత్రం రోడ్డు అవతల చెట్టు కింద అరుగు మీద కూర్చున్నాడు.

"నాకొద్దు టికెట్. మీరు చూసి రాండ్రి," అన్నాడు.

జ్యోతిరాణి నెమ్మదిగా నచ్చజెప్పబోయింది. సంతోషమ్మ బతిమాలింది, ఆ తర్వాత విసుక్కుంది. ఇంతదూరం వచ్చి పిల్ల సంబరం చెడగొట్టడం ఏం పద్ధతి అని అడిగింది. జంగప్ప అరుగు దిగలేదు. అప్పటిదాకా ఓర్చుకున్న డేవిడ్ వరుస వదిలి రోడ్డు దాటి వచ్చేశాడు.

"ఎన్నడన్న ఒక్కసారి మాతోని సక్కగ ఉన్నవా, నాయినా? తాగి మొత్తం తగలేసి వస్తివి. నన్ను సదువు మాన్పించి ఇంటికి తెస్తే ఏడాది మేకలు కాసిన. గప్పుడు గూడ నిన్ను ఒక్క మాట అనలే. నా బిడ్డ సంతోషం గూడ చెడగొట్టకు."

జంగప్ప అరచేతులు రెండూ మోకాళ్ళ మీద పెట్టుకుని వాటిని చూసుకున్నాడు.

"నేను తాగలే, డేవిడూ," అన్నాడు చివరికి.

ఆయన వేలెత్తి గేటు అవతల వంపు తిరిగిన పైకప్పును చూపించాడు. తాను ఆరు నెలలు బండలు పరిచింది ఆ షెడ్డులోనేనని చెప్పాడు. పని రేపో ఎల్లుండో అయిపోతుందనగా, పక్కన పెట్టిన ఓ పాత విమానంలోంచి ఇత్తడి గడియారం ఒకటి పోయింది. పనివాళ్ళందరినీ వరుసగా నిలబెట్టారు. రోజూ అందరికంటే చివర వెళ్ళేది జంగప్పేనని మేస్త్రి చెప్పాడు. బండల మధ్య జాయింట్లు సరిచూసుకుంటూ చీకటి పడేదాకా ఉండేది నిజమే.

"అందరి ముంగట బట్టలు విప్పించి వెతికిన్రు. సంచి దులిపిన్రు. ఏం దొరకలే. అయినా మేస్త్రి దొంగ అన్నడు. కూలి ఇయ్యకుండ గా గేట్ల నుంచే నూకిన్రు."

సంతోషమ్మ అరుగు అంచు పట్టుకుని ఆయన పక్కన కూలబడింది.

"మరి నాతోని తాగిన అని ఎందుకు చెప్పినవయ్యా?"

"ఇంకేం చెప్పాలె? దొంగ అన్నరంటే ఊర్ల నువ్వు తలెత్తుకుంటవా? తాగుబోతు పెండ్లాం అంటే ఇంక పదిమంది ఉన్నరు నీకు తోడు."

ఆ మాటకు ఇంకెప్పుడైనా అయితే ఆమె నవ్వేదే. ఇప్పుడు మాత్రం ఆమె మనసు వెనక్కి పరుగెత్తింది. ఇన్నేళ్ళలో ఒక్కరోజైనా ఆయన నోట సారా వాసన తగిలిందా? పండగనాడు కూడా లేదు. తన ప్రార్థన ఫలించిందనే అనుకుంది. ఏటా చర్చిలో క్రిస్మస్ కూడికనాడు లేచి, నా భర్తను ప్రభువు తాగుడు నుంచి విడిపించాడని సంఘం ముందు సాక్ష్యం చెప్పేది. అందరూ స్తోత్రం అనేవారు. జంగప్ప మగవాళ్ళ వరుసలో తల వంచుకుని కూర్చునేవాడు. అది పశ్చాత్తాపమని ఆమె మురిసిపోయింది.

"గుడిల గంత మంది ముంగట చెప్తుంటే గూడ సప్పుడు చేయకపోతివి," అంది.

"నువ్వు సంబరంగ చెప్తుంటివి గద. ఎందుకు ఆపాలె అనుకున్న."

సంతోషమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. డేవిడ్ అటు తిరిగి నిలబడ్డాడు. ఎప్పుడు తిరిగొచ్చిందో, అంతా విన్న రెబెక్క తాత మోకాలి దగ్గరికి వచ్చి, ఆ గడియారం తర్వాత దొరికిందా అని అడిగింది. తెల్వదు బిడ్డా, అన్నాడాయన. ఇరవై ఏడేళ్ళుగా తానూ అదే ప్రశ్న వేసుకుంటున్నానని చెప్పాడు.

డేవిడ్ వెళ్ళి టికెట్లు తెచ్చాడు. అయిదు ఉన్నాయి. ఒకటి తండ్రి చేతిలో పెట్టి, ఆ చేతిని వదలకుండా అలాగే పట్టుకున్నాడు.

"నన్ను మాఫ్ చెయ్ నాయినా."

"నువ్వు గప్పుడు పదేండ్ల పిల్లగానివి. నీకేం తెలుసు. పా, పిల్ల ఎదురు చూస్తుంది."

లోపలికి వెళ్ళే చోట గార్డు అందరి సంచులూ తెరిపించి చూస్తున్నాడు. అది చూడగానే జంగప్ప కాళ్ళు ఆగిపోయాయి. ఎవరూ అడగకముందే రెండు చేతులూ పైకి లేచాయి. సంతోషమ్మ గబగబా ఆయన ముందుకు వచ్చి తన సంచి బల్ల మీద పెట్టింది. జ్యోతిరాణి తన పర్సు, డేవిడ్ తన బ్యాగు దాని పక్కనే పెట్టారు. రెబెక్క నీళ్ళ సీసా కూడా పెట్టింది. గార్డు ఆ కుప్పను, రొట్టెల డబ్బాను చూసి నవ్వి, అన్నీ తీసుకుని పొమ్మన్నాడు. సంతోషమ్మ భర్త చేతులు తనే కిందికి దించింది.

షెడ్డు లోపల చల్లగా ఉంది. వరుసగా విమానాలు. రెక్కల కింద నుంచి జనం ఫోటోలు తీసుకుంటున్నారు. రెబెక్క ఒక విమానానికి కట్టిన నిచ్చెన ఎక్కి లోపలి మీటలన్నీ చూసి వచ్చింది. జంగప్ప మాత్రం పైకి చూడనే లేదు. నాలుగడుగులు వేసి, చెప్పులు విప్పి, గొంతుక్కూర్చుని అరచేత్తో నేలను తడిమాడు. నీలం రంగు తాండూరు బండలు. వేలమంది నడిచి నడిచి నున్నబడ్డాయి. ఒక్కటీ కుంగలేదు.

డేవిడ్ కూడా పక్కన కూర్చున్నాడు. జంగప్ప మెల్లగా మాటల్లో పడ్డాడు. బండను వేలితో కొట్టి, మోత వింటే కింద ఖాళీ ఉందో లేదో ఎలా తెలుస్తుందో చెప్పాడు. దారం కట్టి వరుస ఎలా చూసుకుంటారో చూపించాడు. అందరినీ ఒక మూలకు తీసుకెళ్ళి, అక్కడి పది పన్నెండు బండలు తనవి కావన్నాడు. తనను పంపేశాక ఇంకెవరో వేసినవి. జాయింట్లు ఒకటి వెడల్పు, ఒకటి సన్నం. పైగా ఎత్తుపల్లాలు. వాటిని చూసి జంగప్ప నవ్వాడు. ఆయన అలా పళ్ళు కనిపించేలా నవ్వి ఎన్నాళ్ళయిందో సంతోషమ్మకు గుర్తు రాలేదు. కోడలు ఫోన్ ఎత్తి ఆ నవ్వును ఫోటో తీసింది. రెబెక్క ఎవరో తెలియని పిల్లల్ని పిలిచి, ఈ నేలంతా మా తాతే వేసిండు, ఆ మూల తప్ప, అని చెబుతోంది.

మధ్యాహ్నమయ్యేసరికి సంతోషమ్మకు మోకాళ్ళు లాగాయి. గోడ వారన కుర్చీలు ఉన్నాయి. ఆమె అటు పోకుండా, పెద్ద విమానం రెక్క నీడలో నేల మీదే కూర్చుంది. అక్కడ కూర్చోకూడదమ్మా అంటూ ఒక గార్డు వచ్చాడు.

"ఇవి మా ఆయన పరిచిన బండలు బాబూ. జరసేపు కూసుంట," అందామె.

గార్డు ఆమెను చూశాడు. చెప్పులు చేత్తో పట్టుకుని వస్తున్న జంగప్పను చూశాడు. ఏమనుకున్నాడో, జనాన్ని కొంచెం పక్క నుంచి వెళ్ళమని చెబుతూ అవతలికి పోయాడు.

జంగప్ప వచ్చి భార్య పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ కాళ్ళు చాపుకున్నారు. ఆమె కళ్ళల్లోంచి నీళ్ళు జారి బండ మీద పడ్డాయి. జంగప్ప తన కండువాతో బండను తుడిచి, ఆ కండువాను ఆమె చేతికి ఇచ్చాడు.

"సల్లగున్నదా?" అని అడిగాడు.

సంతోషమ్మ అరచేతిని నేలకు ఆనించింది.

"మస్తు సల్లగున్నది," అంది.