నిప్పు నిలవని గది

ఎస్.ఆర్. నగర్‌లో మేడ మీద గదిలో దిగిన కనకయ్య గురించి పక్కింటి కృపామణి అన్నదట. ఆ మాట కిరాణా కొట్టు దాటి వీధి చివరిదాకా పోయింది. "గాయన నౌకరి ఏందో ఎరుకేనా? ఆఫీసులల్ల తిరిగి, మీకు ఉక్కపోస్తుందా, చలి పెడుతుందా అని అడుగుడట. గందుకు జీతం సుత ఇస్తరట. మా ఇంటాయన నన్ను ఒక్కనాడన్న గట్ల అడగలే."

కనకయ్య విని సంతోషించాడు. నలుగురూ నవ్వుకునే మనిషిని ఎవరూ అనుమానించరు. ఇరవై రెండేళ్ల గూఢచారి కొలువులో అతని ప్రాణం నిలబెట్టింది అదే.

అసలు పని సోమవారం అమీర్‌పేట మెట్రో ప్లాట్‌ఫాం మీద మొదలైంది. చీఫ్ రైలు కోసం నిలబడ్డట్టే నిలబడి, పట్టాల వైపు చూస్తూ చెప్పాడు.

"పంజాగుట్టలో నెట్-జీరో ఆఫీసు బిల్డింగ్. ఏడాదికి ఎంత కరెంటు వాడుతుందో అంతా తన సోలార్‌తోనే తయారుచేసుకుంటుంది. ఆరో అంతస్తులో విజయరత్నం గారి టీం, ఏడుగురు. మన పవర్‌గ్రిడ్‌ని హ్యాకర్ల నుంచి కాపాడే కోడ్ రాసేది వాళ్లే. ఒక విదేశీ ముఠా ఏడుగురినీ చంపాలని చూస్తోంది."

"ఎట్ల?"

"తెలీదు. దొరికిన మెసేజ్ ఒక్కటే. 'శుక్రవారం నాలుగు. మిగతాది బిల్డింగే చూసుకుంటుంది.' రోజూ నాలుగింటికి ఏడుగురికీ మీటింగు ఉంటుంది."

"మీటింగు ఆపిద్దాం."

"ఆపితే ఇంకోచోట చేస్తారు. లోపల వాళ్ల మనిషెవరో పట్టండి. అక్కడ మన మనిషి దివ్యశ్రీ, కన్సల్టెంట్. కోడ్, 'ఎండగా ఉందా?' జవాబు, 'నీడే ఎక్కువ.'"

రైలు వచ్చింది. చీఫ్ అందులో కలిసిపోయాడు.

కనకయ్య ఎనర్జీ ఆడిటర్ వేషం కట్టాడు. మెడలో ఐడీ కార్డు, వేడిని రంగుల్లో చూపే కెమెరా, తీగకు గాజులా తొడిగితే కరెంటు లెక్క చెప్పే మీటర్, వీటన్నిటికీ ఒక ఇనప పెట్టె. లాబీలో దివ్యశ్రీ ఎదురైంది. ముదురాకుపచ్చ చీర, చెవులకు సన్నని వజ్రాలు. "నీడే ఎక్కువ" అని నవ్వింది. ఆ నవ్వు తనకేననుకుని సెక్యూరిటీ గార్డు సెల్యూట్ కొట్టాడు.

ఆ బిల్డింగ్‌లో కిటికీలు తెరుచుకోవు. చల్లగాలి నేల కింద నుంచి పలకల సందుల్లోంచి పైకి వస్తుంది. మనిషి దాటిపోగానే దీపాలు వాటంతటవే ఆరిపోతాయి. కారిడార్‌లో కనకయ్య నడుస్తుంటే వెనక ఒక్కొక్క దీపమే ఆరుతూ, ఎవరో వెంటబడి వస్తున్నట్టు ఉండేది.

రెండువందల పన్నెండు మందికి కంఫర్ట్ ఫారాలు పంచితే అందరూ 'చాలా బాగుంది' మీదే టిక్కు పెట్టారు. విజయరత్నం టీంలో ఒకామె మాత్రం గొంతు తగ్గించి చెప్పింది. "నిన్న నాలుగింటి మీటింగుల తలకాయ పగిలిపోయిందన్నా. గని ఫారంల రాయ. అప్రైజల్ ఉంది నాకు."

శుక్రవారం మూడున్నరకు దివ్యశ్రీ వచ్చింది.

"కనకయ్య గారూ, ఆరో అంతస్తు మీటింగ్ రూంలో బయటిగాలి తెచ్చే ఫ్రెష్ ఎయిర్ ఫ్యాన్ వీక్. గాలి చెడితే చెప్పే సెన్సర్ కూడా పాడైంది. రిపోర్టులో రాసి ఇప్పుడే మెయిల్ చేసెయ్యండి. రేపు మనల్ని ఎవరూ అనకుండా."

"రేపెందుకు అంటరు మేడం?"

"ఊరికే అన్నాను."

ఆమె వెళ్లాక కనకయ్య ఫ్యాన్ తీగకు మీటర్ తొడిగాడు. నిండుగా కరెంటు తాగుతోంది. బిల్డింగ్ కంప్యూటర్‌లో వారం లెక్క తీశాడు. ఎక్కడా తగ్గలేదు. ఫ్యాన్‌కు ఏ రోగమూ లేదు. లేని రోగం రాయమంటుందంటే, రాబోయే చావుకు ముందే కారణం సిద్ధం చేస్తోందన్నమాట.

ఆరో అంతస్తుకు పరుగెత్తేసరికి నాలుగుకు రెండు నిమిషాలు. ఏడుగురూ అప్పుడే అద్దాల గోడల మీటింగ్ గదిలోకి వెళ్లారు. బయట ఊడ్చే పోచమ్మ గోడవారన కూచుని, మేనేజర్ కంటబడకుండా మూకుట్లో సాంబ్రాణికి నిప్పు రాజేస్తోంది.

"ఈడ అంటిస్తున్నవేందమ్మా?"

"లోపట అగ్గి నిలుస్తలేదు బిడ్డా. నిలబడి గీస్తే మండుతది. నేల మీద పెడితే ఆరిపోతది. నిన్నటి సంది గిదే కత."

కనకయ్యకు చిన్ననాటి దీపం గుర్తొచ్చింది. వాళ్ల నాయన పాడుబడ్డ బావుల్లో పూడిక తీసేవాడు. దిగే ముందు తాడుకు దీపం కట్టి దింపేవాడు. అడుగున దీపం ఆరిందంటే ఆ రోజు ఎవరూ దిగేవారు కాదు. రంగూ వాసనా లేని బరువైన గాలి అక్కడ కాచుకుని ఉంటుంది.

తలుపు లాగాడు. తాళం పడి ఉంది. నేల కింద బుస్సుమని చప్పుడు మొదలైంది.

"పన్నెండు సిలిండర్లు. నిప్పార్పే గ్యాసే. నిన్న కొంచెం వదిలి చూశాను." వెనక దివ్యశ్రీ. అరచేతిలో ఇమిడే పిస్తోలు. "ఆడిటర్ హెచ్చరించాడు, మేనేజ్‌మెంట్ వినలేదు. పేపర్లలో ఇలా వస్తుంది. మెయిల్ పంపారా?"

"పంపలే."

"పర్లేదు. మీ పేరుతో నేను పంపుతా."

అద్దం అవతల ఒకామె పడిపోయిన పెన్ను కోసం వంగింది. మళ్లీ లేవలేదు. విజయరత్నం అద్దాన్ని గుద్దుతున్నాడు. నోరు కదులుతోంది, మాట బయటికి రావడం లేదు. కనకయ్య చేతులు పైకెత్తాడు. దివ్యశ్రీ లొంగిపోయాడనుకుంది. అతను ఆ చేతులతోనే లోపలివాళ్లకు సైగ చేశాడు, బల్ల ఎక్కండి, ఆమెను పైకి లాగండి.

ఊడ్చేవాళ్లను దివ్యశ్రీ ఏనాడూ తలతిప్పి చూసి ఎరగదు. పోచమ్మ మూకుట్లో నిప్పులన్నీ ఆమె మణికట్టు మీద పడ్డాయి. పిస్తోలు జారింది. కనకయ్య ఇనప పెట్టె ఎత్తి అద్దాన్ని మూల మీద కొట్టాడు. మూడో దెబ్బకు గోడంతా రాళ్లవానలా కురిసింది. ఊపిరి బిగబట్టి లోపలికి దూకి, కుర్చీతో వీధివైపు కిటికీ కూడా పగలగొట్టాడు. పంజాగుట్ట ఫ్లైఓవర్ హారన్లు వేడిగాలితో కలిసి లోపలికి వచ్చాయి.

నాలుగు దాటి మూడు నిమిషాలు. ఏడుగురికీ ఊపిరి ఆడుతోంది. విజయరత్నం భుజం మీద వాలిన ఆమె దగ్గుతూ కళ్లు తెరిచింది.

బిల్డింగ్ మేనేజర్ చక్రపాణి రొప్పుతూ వచ్చాడు. కనకయ్య సంకెళ్లు వేసిన దివ్యశ్రీని దాటి, మనుషులను దాటి, అతని చూపు కిటికీ మీద ఆగింది.

"ఎవలు పగలగొట్టిండ్రు దీన్ని? ఏసీ అంతా రోడ్డు మీదికి పోతుంది. ఇగ యూనిట్లు పెరుగుతయి. సాలు పొడుగూత జీరో కాపాడుకుంట వచ్చిన. రేపు సర్టిఫికెటోళ్లకు ఏం చెప్పాలె?"

పోచమ్మ చీపురుతో బొగ్గులు దగ్గరికి లాగుతూ, తల ఎత్తకుండానే అంది.

"గీ ఏడుగురు సచ్చిపోతే మంచిగుండె గద సారూ. సచ్చినోళ్లు కరెంటు కాల్చరు."