గింజ తేలిన పేరు

సుమేధ మాటజల్లెడ గొంతుకి బిగించుకుని మూడో పేరు పిలిచే లోపు టీ చల్లారిపోయింది. రోజూ చల్లారుతుంది, రోజూ తాగుతుంది.

ఉనికిశాఖలో రెండు వందల మంది పనిచేస్తారు. అందరిదీ ఒకటే గొంతు. ఆడా మగా, ఆ ఊరూ ఈ ఊరూ తేడా లేకుండా జల్లెడ లోంచి నున్నగా, మర్యాదగా ఒకే స్వరం బయటికొస్తుంది. సమానత్వం కోసమట. ఆ సమానత్వం అద్దానికి ఇవతల మాత్రమే. అవతల నిలబడ్డవాళ్ల యాసని యంత్రం కొలిచి తెర మీద ఎర్రచుక్కలు పెడుతుంది. మూడు చుక్కలు దాటితే కొండవాళ్లని లెక్క, వాళ్లకి పదకొండు నించి అవతలి కిటికీలు. పదకొండో కిటికీ సుమేధది.

పొద్దున్నుంచి రెండు తీర్మానాలయ్యాయి. ఒకావిడకి మైదానంలో ఇంకో ఆర్నెల్లు ఉండే అనుమతి పొడిగించింది. ఒకతనికి పొడిగించలేదు. అతను దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. ఇలాంటివాళ్లు ఒక్కసారైనా గొడవ పెడితే బాగుండునని ఆమెకి చాలాసార్లు అనిపిస్తుంది. దణ్ణం పెడితే మాత్రం ఆ పూటంతా అన్నం సహించదు.

"ఆరిక తౌడు. జిల్లేడుగెడ్డ," అని చదివింది. చదివాక గాని చదివిందేమిటో తెలియలేదు.

ఒక ముసలాయన కర్ర ముందు చాపుకుంటూ వచ్చాడు. రెండు కళ్లకీ తెల్లటి పొర. పక్కన ఒక అమ్మాయి, ఆ అమ్మాయి భుజాన గుడ్డలో చుట్టిన పసిబిడ్డ. ఆ అమ్మాయెవరో సుమేధకి తెలియదు. ముసలాయన తెలుసు. ఆయన ఆమె తండ్రి. పదిహేడేళ్లయింది చూసి.

"కూర్చోండి," అంది జల్లెడ, ఎవరితోనైనా అన్నట్టే.

"నిలబడతాంలే తల్లీ. గుంట నాన్న, నా కొడుకు, కర్రల పనికెల్నాడు. అందుకే నానొచ్చినాను. ఇది మా కోడలు పోలమ్మ. ఈ గుంటకి, నా మనవరాలికి, సంకెయ్యాల. రేపటికి నూరు రోజులైపోతాయంట."

నూరు రోజుల్లోగా వంశసంఖ్య పడని బిడ్డని మైదాన సంరక్షణాలయానికి తీసుకుపోతారు. అక్కడ పాలిస్తారు, టీకాలు వేస్తారు, కొత్త పేరు పెట్టి మైదానపు బిడ్డగా పెంచుతారు. తల్లిదండ్రులు ఏడాదికి రెండుసార్లు అద్దం లోంచి చూడొచ్చు. ఈ నిబంధన పెట్టినప్పుడు శాఖలో మిఠాయిలు పంచారు. సుమేధ కూడా ఒకటి తింది.

"పేరు?"

"సింగారి. ఆరిక సింగారి."

తెర ఒక్కసారి ఎరుపెక్కింది. ఇంటిపేరు, ఊరు, పేరు, ఈ మూడూ కలిపి యంత్రం సంఖ్య కడుతుంది. ఆ సంఖ్య పదిహేడేళ్ల కిందటే ముగిసిపోయింది. ముగిసిన సంఖ్య అడిగితే దాన్ని మృతుల ముసుగంటారు. నేరం కింద లెక్క.

తెర మీద ఎరుపులో కనబడుతున్న ఆ ముగిసిన మనిషి సుమేధే.

అప్పుడామెకి పంతొమ్మిదేళ్లు. హాస్టల్లో చదువు అయిపోయింది. కొండసంఖ్య ఉన్నవాళ్లకి శాఖలో ఊడ్చే పని దాటి పైకి పోయే దారి లేదు. కొండసంఖ్య చావుతో తప్ప పోదు. ఆ ఏడాది చలిజ్వరాలకి హాస్టల్లో ఆరుగురు పోయారు. పోయినవాళ్ల జాబితా రాసే వార్డెన్ మంచావిడ. "ఒక్క వరస ఎక్కువ రాస్తానమ్మా. నువ్వు ఎవరూ లేని పిల్లగా కొత్త పేరు, కొత్త సంఖ్య తీసుకో," అంది. సింగారి ఒప్పుకుంది. చావుకబురు దానంతటదే ఊరికి పోతుందని తెలుసు. నెల తిరిగేలోగా ఎవరిచేతనైనా అసలు సంగతి చెప్పిద్దామనుకుంది. నెల తిరిగింది. ఉద్యోగం వచ్చింది, తరవాత ఇల్లొచ్చింది. భయం మాత్రం ఎక్కడికీ పోలేదు. ఏ రోజుకారోజు రేపు చెబుదామనుకుంటూ పదిహేడేళ్లు గడిపేసింది. మనిషి అంత పిరికిదా అంటే, అంత పిరికిదే.

"ఈ పేరు మీ ఇంట్లో చనిపోయిన మనిషిది," అంది. ఆ గొంతులో ఏ వణుకూ లేదు. జల్లెడ వణుకుని బయటికి రానివ్వదు.

"అవును తల్లీ. నా కూతురిదే," అన్నాడు తౌడు. "పట్నంలో సదువుకుంతూ సచ్చిపోనాది. శవాన్ని కూడా ఇయ్యనేదు. ఆల్లమ్మ ఏడిసేడిసి మూడేళ్లకి ఎల్లిపోనాది."

అమ్మ పోయిందని సుమేధకి ఆ కిటికీ దగ్గరే తెలిసింది. తెర మీది అక్షరాలు కాసేపు కనబడలేదు.

తౌడు చెప్పుకుపోతున్నాడు. వినేవాళ్లు దొరికినందుకు ఆయనకి సంతోషంగా ఉన్నట్టుంది. "గుంట పుట్టిన తొమ్మిదో నాడు గిన్నిలో నీల్లోసి బియ్యం గింజలు ఒదిలినాం. పోయినోల్ల పేర్లు వరసనెట్టి పిలిసినాం. మాయమ్మ పేరు పిలిస్తే గింజ మునిగిపోయింది. మా అప్ప పేరుకీ మునిగిపోయింది. సింగారీ అన్నాను. గింజ తేలిపోయింది తల్లీ! ఆడే నిలబడిపోయింది. నాకు కల్లగుపించవు గానీ, ఊరంతా సూసినారు. నా కూతురు తిరిగొచ్చీసింది."

పోలమ్మ బిడ్డని ఇటు భుజానికి మార్చుకుని, "పేరెట్టిన కాణ్ణుంచీ ఏడుపు మానీసిందమ్మా," అంది మెల్లగా.

బతికున్న మనిషి పేరుకి గింజ తేలదు. చిన్నప్పుడు ఎంతమంది పిల్లలకి ఆ గిన్నె చుట్టూ కూర్చుని చూసిందో! తనకి పేరు పెట్టినప్పుడు కూడా అలాగే ఎవరో తిరిగొచ్చారు. మరి ఈ గింజ ఎందుకు తేలింది? అబద్ధమాడిందా? లేక సింగారి నిజంగానే పోయిందా? రెండోదే నిజమేమో.

వెనక నించి పర్యవేక్షకుడు ఉమాపతి తెరలోకి తొంగి చూశాడు. "ఏమిటీ, ఎరుపా? ఇంకో పేరు పెట్టుకోమనండి, ఒక్క నిమిషం పని. పేర్లకేం కరువా?" అని నవ్వి వెళ్లిపోయాడు. చెడ్డవాడు కాదు. పుట్టినరోజులకి అందరికీ బొకేలు పంపుతాడు.

"వేరే పేరు చెబితే ఇప్పుడే సంఖ్య వస్తుంది," అంది సుమేధ. "కాగితం మీద మాత్రమే. ఇంట్లో మీరు ఎలాగైనా పిలుచుకోవచ్చు."

ముసలాయన తల అడ్డంగా ఊపాడు. "ఒకపాలి పట్నానికంపి పోగొట్టుకున్నాను. అడుగులో అడుగేసి మల్లీ ఇంటికొచ్చింది. ఇప్పుడు గుమ్మంలో నిలబెట్టి, నువ్వు మా సింగారివి కాదు పో, అని ఎలాగంతాను తల్లీ? కాగితం మీదైనా ఎలాగంతాను?"

"అనకపోతే రేపు తీసుకుపోతారు."

"అదీ తెలుసు." ఆయన అద్దం వైపు వంగాడు. "ఏటి సెయ్యమంతావో నువ్వే సెప్పు. సదువుకున్నదానివి."

పోలమ్మ బిడ్డని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

జల్లెడ పక్కన పెట్టి, అద్దం కిందినించి చెయ్యి చాపి, నేనే అయ్యా, నేను చావలేదు, అనేస్తే? అంటే ఆయనకి కూతురు దొరుకుతుంది. ఆ క్షణమే బిడ్డ పేరు అబద్ధమైపోతుంది. తేలిన గింజా, ఊరంతా చూసిన చూపూ, మానిన ఏడుపూ ఉత్తివైపోతాయి. పదిహేడేళ్ల కిందట అమ్మానాన్నలకి అబద్ధపు చావు పంపింది. ఇప్పుడు ఆలస్యంగా నిజం పట్టుకొచ్చి ఆ పసిదాని పేరు లాక్కోవాలా?

సుమేధ నిబంధనల పట్టీ తెరిచింది. తెలిసిందే, అయినా చదివింది. ముగిసిన సంఖ్యని తెరవడానికి ఒకటే దారి. ఆ చావు అబద్ధమని తేలాలి. ఆ అబద్ధంతో ఎవరు ఏ కొత్త సంఖ్య పొందారో రాయాలి. ఆ తీర్మానం పూర్తికాగానే ఆ కొత్త సంఖ్య ముగిసిపోతుంది.

తన సంఖ్యే రాసింది. అక్కడ వేలు కాసేపు ఆగింది. కిటికీలో తులసిమొక్క ఉన్న ఇల్లు గుర్తొచ్చింది, పదిహేడేళ్ల జీవితం గుర్తొచ్చింది. అవన్నీ ఇష్టమే. ఇష్టం లేదని ఇప్పుడు అబద్ధమాడి ప్రయోజనం లేదు. వేలు నొక్కింది.

సంఖ్య తెరుచుకుంది. దిగువన ఒక గడి మెరిసింది. ఇకపై ఈ సంఖ్య ఎవరిది?

బిడ్డ అరికాలు అద్దానికి ఆనించమంది. పోలమ్మ ఆనించింది. చింతాకంత కాలు.

కారణం?

పట్టికలో పదకొండు కారణాలున్నాయి. ఏదీ సరిపోలేదు. సుమేధ ఖాళీ గడిలో "తిరిగొచ్చింది" అని రాసింది. యంత్రం కాసేపు ఆలోచించింది. ఈ కారణం పట్టికలో లేదు, చేర్చమంటారా అని అడిగింది. చేర్చమంది. ఇంకాసేపటికి మళ్లీ అడిగింది: ముగిసిన పేరు కోరి తిరస్కరణ పొందిన బిడ్డలు నాలుగువేల నూట పన్నెండు మంది ఉన్నారు. వారికీ ఇదే కారణం వర్తింపజేయమంటారా?

అందులో ఏడు వందల తిరస్కరణలు ఈ కిటికీవే. తన చేతులతో చేసినవే. కొందరు తల్లుల మొహాలు ఇప్పటికీ గుర్తున్నాయి, అందరివీ గుర్తుంటే బాగుండేది. వర్తింపజేయమంది.

"వచ్చింది," అంది తండ్రితో. "ఆరిక సింగారి. జిల్లేడుగెడ్డ. ఇక ఎవరూ తీసుకుపోరు."

తౌడు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. అద్దానికి ఇవతల ఆమె కళ్లు మూసుకుంది.

హాల్లో ఒక్కొక్క కిటికీ తెరా ఎరుపు పోయి ఆకుపచ్చగా మారుతుంటే ఉమాపతి అటూ ఇటూ పరుగెడుతున్నాడు. సుమేధ లేచి ఉద్యోగుల తలుపు మీద అరచెయ్యి పెట్టింది. తలుపు ఆమెని ఎరగనట్టు ఊరుకుంది. జనం వెళ్లే గేటు లోంచి బయటపడింది. బయటికి పోయేటప్పుడు ఆ గేటు ఎవరి సంఖ్యా అడగదు.

మిట్టమధ్యాహ్నం ఎండ. కొండబస్సు ఆగేచోట సిమెంటుదిమ్మ మీద ముగ్గురూ కూర్చున్నారు. ఆమె దగ్గరకెళ్లి నిలబడింది. గొంతుకి జల్లెడ లేదు. పదిహేడేళ్లుగా వాడని కొండమాట, బొంగురుగా వచ్చింది.

"గుంటని ఓపాలి ఎత్తుకుంతాను, ఇస్తారా?"

ముసలాయన తల చటుక్కున లేచింది. పొర కమ్మిన కళ్లు గొంతు వచ్చిన వైపు తిరిగి నిలిచిపోయాయి. కర్ర జారి కింద పడింది. పోలమ్మ తీసి ఇస్తే పట్టుకోలేదు.

"ఇయ్యవే," అన్నాడు చివరికి.

బిడ్డ పాలవాసనతో, వెచ్చగా, అనుకున్నదానికంటే బరువుగా ఉంది. "సింగారీ," అని పిలిచింది. బిడ్డ కళ్లు తిప్పి చూసింది.

బస్సు వచ్చి ఆగింది. తౌడు చెయ్యి చాపి తడుముకుంటూ ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. గట్టిగానే పట్టుకున్నాడు.

"మాట మాదే తల్లీ," అన్నాడు. "పేరు మాత్తరం నాను అడగను. నువ్వూ సెప్పకు."

"సెప్పను," అంది.

"సోటుంతాది. ఎక్కు."