సౌండ్ డ్రైవర్ వేయని ల్యాప్‌టాప్

ముత్తుకూరు బస్టాండు ఎదురుగా గిరిబాబు కంప్యూటర్ షాపు. పోర్టు నుంచి బొగ్గు లారీలు తిరిగే రోడ్డు కదా, పొద్దున తుడిచిన బల్ల మధ్యాహ్నానికి మళ్లీ నల్లబడుతుంది. గిరిబాబు పనిమంతుడే. ఎవరి ల్యాప్‌టాప్‌లో విండోస్ కొత్తగా వేయాలన్నా ముందు ఒకటే అడుగుతాడు: "డి డ్రైవ్‌లో దాచుకున్నవి ఏమన్నా ఉండాయా?" ఉన్నాయంటే సి డ్రైవ్ ఒక్కటే చెరిపి, డి జోలికి పోడు. పదేళ్లుగా అందరినీ అడిగాడు. రెబెక్కమ్మను మాత్రం అడగలేదు.

ఆ రోజు ఏదో ఆఫీసువాళ్లవి ఎనిమిది మిషన్లు ఒక్కసారే వచ్చి పడ్డాయి. రెబెక్కమ్మ పాత ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే ముందుకు పోకుండా ఆగిపోతోంది. ఆ హడావుడిలో పెన్‌డ్రైవ్ గుచ్చి, ఉన్న డ్రైవ్‌లన్నీ చెరిపేసి, విండోస్ వేసిపారేశాడు. సాయంత్రం ఆమె ఫోన్ చేసింది.

"నాయనా, మా షారన్ పాడిన పాటలు పదకొండు ఉండాయి అందులో. ఆదివారానికి బిడ్డ పోయి ఏడాది. జ్ఞాపకార్థ కూడికలో అందరికీ ఇనిపించాల. పాడే ముందు రవ్వంత దగ్గుతాది. ఆ దగ్గు కూడా తీసేయబాకు."

గిరిబాబు ఆ ల్యాప్‌టాప్ మళ్లీ ముందేసుకున్నాడు. రికవరీ సాఫ్ట్‌వేర్ పెట్టి రెండు రోజులు వెతికాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? ఒక్క పాటా తిరిగి రాలేదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి, ఆ బిడ్డ గొంతును నేను పోగొట్టానమ్మా అని ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి? పిరికివాడికి అబద్ధమే దగ్గరి దారి. వైఫై డ్రైవర్ వేశాడు, డిస్‌ప్లే డ్రైవర్ వేశాడు. సౌండ్ డ్రైవర్ మాత్రం కావాలనే వేయలేదు. అది పడేదాకా స్పీకర్లు మూగవే. తర్వాత లోపల ఏమీ లేని ఫైళ్లు పదకొండు చేసి, ఒక్కోదానికీ పాట అని పేరు పెట్టాడు.

శనివారం మధ్యాహ్నం ఆమె వచ్చింది. సముద్రం వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చి వాన దంచుతోంది. కరెంటు పోయింది. ఆగిపోయిన ఫ్యాను కింద తడిసిన బొగ్గు వాసన. షాపులో ల్యాప్‌టాప్ తెర వెలుగు ఒక్కటే.

"పాటలు భద్రంగా ఉండాయమ్మా," అన్నాడు ఆమె కళ్లలోకి చూడకుండా. "పాత మోడల్ గదా, సౌండ్ డ్రైవర్ దొరకలా. అది వేస్తే గాని గొంతు రాదు."

"ఉండాయి గదా, అంతే చాలు. దేవుడు నిన్ను దీవించాల నాయనా."

ఆ దీవెన అతనికి శాపంకన్నా ఎక్కువగా తగిలింది.

ఆమె మొదటి పాట నొక్కింది. తెర మూల స్పీకర్ బొమ్మ మీద ఎర్ర ఇంటూ గుర్తు అలాగే ఉంది. ఆమె తల వంచి స్పీకర్‌కు చెవి ఆనించింది. కాసేపటికి పెదవులు కదిలాయి. ఎవరికో తోడుగా మెల్లగా పాడుతోంది.

"అమ్మా..."

"ష్... పాడతా ఉండాది."

పిచ్చితల్లి అనుకున్నాడు గిరిబాబు. కళ్లు చెమ్మగిల్లాయి. చెప్పేద్దాం, ఇప్పుడే చెప్పేద్దాం అని నోరు తెరిచాడు. ఈలోగా ఆమె ల్యాప్‌టాప్‌ను అతని వైపు జరిపింది.

"నువ్వూ ఇను."

వంగి చెవి పెట్టాడు. ఏమీ లేదు. రేకుల మీద వాన చప్పుడు. అంతే...

తర్వాత దగ్గు. చిన్నది. గొంతు సవరించుకునే దగ్గు.

ఊపిరి బిగబట్టాడు. పాట రాలేదు. చెవికి వెచ్చగా ఏదో తగిలింది. ఎవరో ఊపిరి వదిలినట్టు...

"అన్నా... డి డ్రైవ్‌లో ఏముందని అమ్మను అడగలేదేం?"

కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. రెబెక్కమ్మ నవ్వుతోంది.

"బాగా పాడింది గదా?"

గిరిబాబు తలూపాడు. ఇక నిజం చెప్పే వీలు ఎక్కడుంది? ఆమె ల్యాప్‌టాప్‌ను కొంగు కింద దాచుకుని వానలోకి వెళ్లిపోయింది. మర్నాడు కూడికలో అందరూ నిశ్శబ్దంగా కూర్చుంటే ఆమె ఒక్కతే విని కన్నీళ్లు పెట్టుకుందట.

అప్పటినుంచి గిరిబాబు ఎవరొచ్చినా ఆ ప్రశ్న రెండుసార్లు అడుగుతున్నాడు. అయినా ఏ మిషన్‌లో విండోస్ వేసినా, సౌండ్ డ్రైవర్ వేయకముందే ఆ దగ్గు వినిపిస్తుంది. పాట వస్తే తన తప్పు తీరిపోతుందేమో అని చెవి పెట్టి కూర్చుంటాడు. రాదు.

ఇవాళ పొద్దున బల్ల మీదున్న మిషన్‌కు స్క్రూలు విప్పి, స్పీకర్లు రెండూ ఊడబెరికాడు. దగ్గు వచ్చింది. తన గొంతులోంచే వచ్చింది... సన్నగా, ఆడపిల్ల దగ్గు.

రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. అప్పుడే గుమ్మంలోకి రెబెక్కమ్మ వచ్చింది. చంకలో ల్యాప్‌టాప్.

"నాయనా, పొద్దుటినుంచి బిడ్డ పాడడం లేదు. దగ్గు కూడా లేదు. యాడికి పోయిందో రవ్వంత చూడు."

గిరిబాబు నోటి మీద చేతులు తీయలేదు.