పదమూడో మాట

అన్నయ్యని చంపినవాళ్ళు తలుపు పగలగొట్టలేదు. తాళం విరగ్గొట్టలేదు. కిటికీ అద్దానికి చిన్న గీత కూడా పడలేదు. ఇస్త్రీ బల్ల పక్కన, సగం ఇస్త్రీ అయిన చొక్కా చేత్తో పట్టుకుని బోర్లా పడి ఉన్నాడు. వీపులో ఒకే ఒక్క బుల్లెట్. సైలెన్సర్ వాడారు కాబట్టి పక్క ఫ్లాట్ వాళ్ళకి సీరియల్లో ఒక్క డైలాగ్ కూడా మిస్ కాలేదు.

పోలీసులు ఫోటోలు తీశారు, వేలిముద్రలు తీశారు. చెల్లెలు మాత్రం గోడమీద స్విచ్‌బోర్డు వైపు చూస్తూ నిలబడింది. చొక్కా చేతిమీద ఇస్త్రీపెట్టె ఆకారంలో గోధుమరంగు మచ్చ. అంటే పెట్టె గుడ్డ మీద పడి కాసేపు కాలింది. కానీ ఇప్పుడు పెట్టె బల్లమీద నిటారుగా నిలబడి ఉంది. స్విచ్ ఆఫ్‌లో ఉంది.

చంపడానికి వచ్చినవాడు ఇల్లు తగలబడుతుందని భయపడతాడా?

ఆ ప్రశ్న ఆమె ఎవరినీ అడగలేదు. అడిగే అలవాటే లేదు. కొత్తవాళ్ళ ముందు ఆమెకి నోరు పెగలదు. అందుకే ఆమె పనిచేసే గూఢచారి డిపార్ట్‌మెంట్ ఆమెకి ‘పిచ్చుక’ అని పేరు పెట్టింది. గుమ్మంలో ఉన్నా ఎవరూ పట్టించుకోరు. లోపల జరిగేదంతా చూస్తుంది. అన్నాచెల్లెళ్ళిద్దరూ ఏజెంట్లే. పైకి మాత్రం మేడమీద చిన్న సెల్‌ఫోన్ రిపేరు షాపు.

అంత్యక్రియలైన మర్నాడు పిచ్చుక షాపు తెరిచింది. తెరవకపోతే అనుమానం వస్తుంది. అన్నయ్య కుర్చీ మీద అతని స్వెటర్ అలాగే ఉంది. దాన్ని తియ్యలేక, చూడలేక, కుర్చీని గోడవైపు తిప్పి పెట్టింది.

మొదటి కస్టమర్ రెయిన్‌కోటు వేసుకున్న ముసలాయన. బయట ఎండ మండుతోంది. మీసం ఒకవైపు కాస్త ఊడి వేలాడుతోంది.

“ఈ ఫోన్ నీళ్ళలో పడిందమ్మా.”

“మంచినీళ్ళా, ఉప్పునీళ్ళా?”

“ఇంకా కలుషితం కాని నీళ్ళు.”

కోడ్ సరిపోయింది. ఆయన డిపార్ట్‌మెంట్ చీఫ్. అందరూ పెద్దాయన అంటారు.

“మీసం, సార్,” అంది పిచ్చుక మెల్లగా.

ఆయన మీసం నొక్కుకుని గొంతు తగ్గించాడు. “బ్రీఫింగ్ విను. విదేశీ ముఠా ఒకటి విషం కొంటోంది. ఈ సిటీ తాగే నీళ్ళలో కలపడానికి. అమ్మేవాడి గడువు ఈరోజు సాయంత్రం నాలుగు. ఆలోగా డబ్బు అందకపోతే సరుకు సముద్రంలో పారేసి మాయమైపోతాడు. ముఠా దగ్గర డబ్బు లేదు. వాళ్ళ కన్ను మన వాలెట్ మీద పడింది.”

మన వాలెట్ అంటే డిపార్ట్‌మెంట్ రహస్య నిధి. క్రిప్టో కరెన్సీ. ఫోన్‌లో పట్టే లైట్ వాలెట్. ప్రపంచంలోని లావాదేవీలన్నీ మోసుకు తిరగదు. ఏదో ఒక సర్వర్‌ని అడిగి మన లెక్క మనకి చూపిస్తుంది. ఫోన్ పోయినా ఫర్వాలేదు. పన్నెండు మాటలు వరసగా కొడితే చాలు, ఏ ఫోన్‌లోనైనా మళ్ళీ ప్రాణం పోసుకుంటుంది. ఆ పన్నెండు మాటలు తెలిసింది ఇద్దరికే, అన్నయ్యకీ పిచ్చుకకీ. కాగితం మీద పెట్టకూడదు, నోరు దాటకూడదు. అదీ రూల్.

“నిన్న మా వైర్‌లెస్‌కి ఒక మెసేజ్ దొరికింది,” అన్నాడు పెద్దాయన. “‘వెన్నెలకి: పన్నెండు మాటలూ సరే. కానీ వాలెట్ ఖాళీ. పిల్లని అడుగు.’”

పిచ్చుక చేతిలో స్క్రూడ్రైవర్ జారి బల్లమీద పడింది.

“వెన్నెల ఎవరు సార్?”

“డబుల్ ఏజెంట్. మనలో మనిషే. ఇంకేం తెలీదు. పిల్లవి నువ్వే, అది మాత్రం తెలుసు. నీ దగ్గరికి వస్తారు. రానీ. డబ్బు మాత్రం పోకూడదు. కానీ ఎక్కడికి పంపబోతున్నారో ఆ అడ్రస్ మనకి కావాలి. అమ్మేవాడి ఆచూకీ దాంతోనే.”

“డబ్బు అసలు ఉందా సార్? ఖాళీ అంటున్నారుగా?”

“ఉంది. బయటి నుంచి చూస్తే కనిపిస్తోంది, గాజు బీరువాలో నగ లాగా. తాళమే తెరుచుకోవట్లేదు.” ఆయన లేచాడు. గుమ్మం దగ్గర ఆగి కుర్చీ వైపు చూశాడు. “మీ అన్నయ్య మంచి ఏజెంటమ్మా,” అని వెళ్ళిపోయాడు. మెట్లమీద మీసం పడిపోయింది. తిరిగొచ్చి తీసుకోలేదు.

పిచ్చుక ఒక పాత టెస్ట్ ఫోన్ తీసి నీలం రబ్బరు మ్యాట్ మీద పెట్టింది. ఆ మ్యాట్ డిపార్ట్‌మెంట్ ఇచ్చిన గ్యాడ్జెట్. దానిమీద పెట్టిన ఫోన్‌లో ఏం చేసినా సొరుగులో ఉన్న రెండో ఫోన్‌కి పోతుంది. వాలెట్ యాప్ ఎక్కించింది, సెట్టింగ్స్‌లో ఒకచోట చిన్న మార్పు చేసింది. సోల్డరింగ్ ఐరన్ వేడెక్కుతుంటే ఎదురు చూడసాగింది.

మధ్యాహ్నం మూడు దాటాక మెట్లమీద హైహీల్స్ చప్పుడైంది.

వదిన.

ఒకప్పుడు ఫ్యాషన్ షోలలో నడిచి, తర్వాత డిపార్ట్‌మెంట్‌లో చేరిన మనిషి. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచినా నల్లద్దాల వెనక అందం తగ్గలేదు. లోపలికి వస్తూనే, చెయ్యి దానంతటదే వెళ్ళినట్టు, గోడ దగ్గర సోల్డరింగ్ ఐరన్ స్విచ్ టక్కున ఆపింది.

“మీ అన్నాచెల్లెళ్ళిద్దరికీ స్విచ్ ఆపడం ఎవరూ నేర్పలేదే! ఏదో ఒకరోజు కొంప తగలబెడతారు.”

ఈ మాట ఎన్నిసార్లు అనిందో. అన్నయ్య నవ్వేవాడు. పిచ్చుక కూడా నవ్వేది. ఈసారి మాత్రం ఆమె చూపు స్విచ్ మీదే ఆగింది. నిటారుగా నిలబెట్టిన ఇస్త్రీపెట్టె కళ్ళముందు కదిలింది.

వదిన వచ్చి ఆమె తల నిమిరింది. “తిన్నావా?”

“తిన్నాను.”

“అబద్ధం. నీ మొహం చూస్తే తెలీట్లేదూ!” బ్యాగులోంచి బిస్కెట్ ప్యాకెట్ తీసి చింపి ముందు పెట్టింది. “పెద్దాయన ఫోన్ చేశారు అమ్మడూ. ఏదో వాలెట్ తెరవాలట, నీకు తోడుండమన్నారు.”

పెద్దాయన ఎప్పుడూ, ఎవరికీ ఫోన్ చెయ్యడు. పిచ్చుక బిస్కెట్ నోట్లో పెట్టుకుంది. మట్టి నమిలినట్టు ఉంది.

“సరే వదినా. కూర్చో.”

పన్నెండు మాటల్నీ అన్నయ్య ఒక రాగంలో కట్టి నేర్పాడు. పిచ్చుక ఆ రాగం తీస్తూ ఒక్కొక్క మాటా కొట్టసాగింది. నది, రాయి, దీపం... తొమ్మిదో మాట దగ్గర ఆగింది. అది ఆమెకి బాగా తెలుసు. అయినా ఆగింది. నుదురు రుద్దుకుంది, కళ్ళు మూసుకుంది.

చెప్పకు వదినా. దేవుడా, చెప్పనివ్వకు.

“గొడుగు,” అంది వదిన, జాలిగా.



అన్నయ్య ఇస్త్రీ చేస్తూ, రూల్ పక్కనపెట్టి, ఆ మాటలు రాగంలో పాడుకునేవాడు. భార్యకి వినపడుతుందని అనుకున్నాడో లేదో. పాట మర్చిపోయి ఆగితే అందించడం ఆ ఇంట్లో ఆమెకి అలవాటు. ఆ అలవాటే ఆమె చేత ఇప్పుడు పలికించింది.

పిచ్చుక ‘గొడుగు’ కొట్టింది. లోపల మాత్రం అన్నయ్య రెండోసారి చచ్చిపోయాడు.

వాలెట్ తెరుచుకుంది. బ్యాలెన్స్: సున్నా.

“సర్వర్ ప్రాబ్లమేమో,” అంది వదిన. తను చేసిన పొరపాటు ఆమెకింకా తట్టలేదు.

“చూద్దాం.” కింద చుక్క ఎర్రగా ఉంది, సర్వర్ అందట్లేదన్నమాట. సర్వర్ మార్చింది. చుక్క పచ్చబడింది. సున్నాయే. వాలెట్‌లో ఇంకా ఏవైనా అడ్రస్‌లున్నాయేమో వెతకమని యాప్‌కి చెప్పింది. వెతికింది. సున్నాయే. యాప్ మూసి మళ్ళీ తెరిచింది. మళ్ళీ సున్నా.

అప్పుడు ఆమె కన్ను స్క్రీన్ అడుగున చిన్న అక్షరాల మీద పడింది: ‘అదనపు పదం’. పన్నెండు మాటల వెనక, మనకి నచ్చిన ఇంకో మాట కలపొచ్చు. ఈ వాలెట్‌తో చిక్కేమిటంటే, ఆ మాట తప్పు కొట్టినా తప్పని చెప్పదు. మర్యాదగా ఇంకో వాలెట్ తలుపు తెరుస్తుంది. అందులో ఏమీ ఉండదు. సొంత ఇల్లనుకుని ఎవరో ఖాళీ చేసి వెళ్ళిన ఇంట్లోకి అడుగుపెట్టినట్టు.

“అన్నయ్య పదమూడో మాట పెట్టాడు వదినా. నాక్కూడా చెప్పలేదు.”

వదిన నల్లద్దాలు తీసింది. “నన్ను ‘చక్కెర’ అని పిలిచేవాడు. అది కొట్టు.”

కొట్టింది. ఖాళీ.

‘పిచ్చుక’ కొట్టింది. అదీ ఖాళీయే. ఆ ఖాళీ చూసి ఆమెకి ఎక్కడో చురుక్కుమంది.

గడియారం మూడున్నర దాటింది. వదిన నిట్టూర్చి బ్యాగులోంచి లిప్‌స్టిక్ తీసింది. మూత తిప్పింది. లోపల ఎర్రరంగు లేదు. చిన్న నల్లటి రంధ్రం ఉంది.

“గొడుగు అన్నప్పుడే నీకు తెలిసిపోయింది కదూ? నాకు ఇప్పుడు తట్టింది. బాధపడకు అమ్మడూ. తెరువు.”

“కాల్చింది నువ్వేనా?”

“కాదు. నేను తలుపు తీశాను, అంతే.”

“ఇస్త్రీపెట్టె?”

“గుడ్డ కాలుతున్న వాసన వచ్చింది. ఆపాను.”

పిచ్చుకకి ఒక సాయంత్రం గుర్తొచ్చింది. అన్నయ్య ఏదో ఫోన్ విప్పుతూ, తల ఎత్తకుండా అన్నాడు: “పన్నెండూ సరిపోని రోజొకటి వస్తుందే. ఆరోజు నీకు నామీద కోపమొస్తుంది. తిట్టుకో, కానీ పిచ్చివాణ్ణి అనుకోకు.” అప్పుడు అర్థం కాలేదు. వదిన ఎప్పటికీ ప్రయత్నించని మాట ఏది? అన్నయ్యకి తెలీదని ఆమె గుండెమీద చెయ్యేసుకుని నమ్మే మాట ఏది?

తప్పు మాట ఏదో ఒకటి కొట్టి నాలుగు దాటించొచ్చు. కానీ అమ్మేవాడి అడ్రస్ కావాలి. అంతకన్నా, వదిన చూడాలి.

పిచ్చుక ఒక్కో అక్షరం నొక్కింది. వె-న్నె-ల.

చుక్క పచ్చబడింది. నిధి మొత్తం స్క్రీన్ మీద ప్రత్యక్షమైంది.

వదిన డబ్బు వైపు చూడలేదు. ఆ మాట వైపే చూస్తోంది. “ఇది... ఇది ఆయనకెలా...?”

“మొదటి జమ తేదీ చూడు.”

వదిన వంగి చూసింది. తమ పెళ్ళి జరిగిన వారమే. “మొదటినుంచీ తెలుసా? తెలిసే రోజూ నా చేత్తో అన్నం తిన్నాడా?”

“నువ్వే ఏదో ఒకరోజు చెప్తావని చూసి ఉంటాడు.”

లిప్‌స్టిక్ కిందికి దిగింది. మళ్ళీ పైకి లేచింది. “పక్కకి జరుగు. పంపకపోతే వాళ్ళు నన్ను బతకనివ్వరు.” ఒంటిచేత్తో అడ్రస్ పేస్ట్ చేసి, బటన్ నొక్కింది. పంపబడింది అని వచ్చింది. గడియారంలో నాలుగుకి ఇంకా అయిదు నిమిషాలున్నాయి. వదిన ఊపిరి వదిలింది. “అయిపోయింది.”

“ఇల్లు అలకగానే పండగ కాదు వదినా.” పిచ్చుక సొరుగు తెరిచింది. రెండో ఫోన్‌లో అదే వాలెట్, అదే లావాదేవీ. పక్కన మూడు ముక్కలు: ఇంకా ఖరారు కాలేదు. “పంపడం వేరు, చేరడం వేరు. పొద్దున్నే ఫీజు అడుగుకి దించి పెట్టాను. తక్కువ ఫీజు వాళ్ళు క్యూలో చివర నిలబడాలి. ఇప్పుడు నేను ఎక్కువ ఫీజుతో రద్దు కొడితే, ముందు నాదే ఖరారవుతుంది.”

“చెయ్యి తియ్యి. కాల్చేస్తాను.”

“కాల్చు. నాకు మాత్రం ఇంట్లో ఇంకెవరున్నారు?”

బొటనవేలు బటన్ మీద ఉంది. ఏ క్షణంలోనైనా లావాదేవీల్ని ఖరారు చేసే తర్వాతి బ్లాక్ పడొచ్చు, వదిన పంపింది ఖరారైపోవచ్చు. వదిన చూపు పిచ్చుక మీంచి గోడవైపు తిప్పిన కుర్చీకి, దానిమీద స్వెటర్‌కి వెళ్ళింది. అక్కడే ఆగిపోయింది.

పిచ్చుక నొక్కింది.

తుపాకీ పేలలేదు.

స్క్రీన్ మీద చక్రం తిరిగింది, తిరిగింది. పెద్దముల్లు పన్నెండుకి తాకబోతుండగా బ్లాక్ పడింది. రద్దు ఖరారైంది. డబ్బు మొత్తం పిచ్చుక డిపార్ట్‌మెంట్ కోసం ముందే తెరిచి పెట్టిన కొత్త వాలెట్‌కి చేరింది. అమ్మేవాడి అడ్రస్ అప్పటికే సొరుగులోని ఫోన్ నుంచి పెద్దాయనకి వెళ్ళిపోయింది. నగరంలో ఎవరో కుళాయి తిప్పి గ్లాసు నింపుకుంటూ ఉంటారు. ఏమీ తెలియకుండా తాగుతారు.

వదిన లిప్‌స్టిక్ మూత పెట్టి, బిస్కెట్ ప్యాకెట్ పక్కన జాగ్రత్తగా పెట్టింది.

పెద్దాయన మనుషులు వచ్చేసరికి ఆమె అన్నయ్య కుర్చీలో కూర్చుని స్వెటర్ మడత పెడుతోంది. బేడీలు వేయించుకుంటూ పిచ్చుక వైపు తిరిగింది.

“ఆ చొక్కా పారెయ్యకు. మచ్చ మోచేతి కిందే పడింది. చెయ్యి మడిస్తే కనపడదు.”

పిచ్చుక తల ఊపింది. హైహీల్స్ చప్పుడు మెట్లు దిగి, వీధిలో కలిసిపోయింది.

“వెల్‌డన్,” అన్నాడు పెద్దాయన, మీసం లేని మూతి తడుముకుంటూ. “కొత్త వాలెట్‌కి ఏం మాట పెట్టావ్?”

“పెట్టలేదు సార్. పన్నెండే.”

“రిస్క్ కాదూ?”

“ఇక ఎవరి దగ్గర దాయాలి సార్?”

ఆయన వెళ్ళాక పిచ్చుక లైట్లు ఆర్పింది. షట్టర్ దించి, తాళం వేసి, నాలుగు మెట్లు దిగి ఆగింది. మళ్ళీ పైకెక్కి, తాళం తీసి, చీకట్లో తడుముకుంటూ సోల్డరింగ్ ఐరన్ స్విచ్ చూసింది. ఆపే ఉంది. ఆపిందెవరో గుర్తొచ్చింది.

రేపటి నుంచి ఈ పని కూడా తనే నేర్చుకోవాలి.