రేజర్‌కి హోం డెమో

"గడ్డం పెంచుకొని రేజర్లు అమ్ముడేంది అన్నా?"

పంజాగుట్టలోని ఆ గ్రూమింగ్ షాపులో ప్రవీణ్ చేరి ఏడాది దాటింది. ఇన్నాళ్లలో ఏ కస్టమరూ అడగని ప్రశ్న ఇది. ఉలిక్కిపడి తలెత్తాడు.

కౌంటర్ అవతల ఒకమ్మాయి నిలబడి ఉంది. బయట వాన దంచికొడుతోంది. ఆమె గొడుగులోని నీళ్లన్నీ ఓనర్ ఓంప్రకాష్ కొత్తగా వేయించిన కార్పెట్ మీదకి ధారగా కారుతున్నాయి. మామూలుగా అయితే ప్రవీణ్ పరుగున వెళ్లి గొడుగు లాక్కోవాలి. కానీ ఆమె కళ్లు చూశాక కార్పెట్ సంగతి గుర్తుంటే కదా!

"ఫ్యాషన్ మేడం," అన్నాడు గడ్డం తడుముకుంటూ.

"మంచిగుంది ఫ్యాషన్! షుగర్ పేషెంట్ మిఠాయిలు అమ్మినట్టుంది. సరే, నాకు మంచి షేవింగ్ సెట్ చూపెట్టు. పెండ్లికొడుకు సూట్‌కేసుల పెట్టాలె."

మన దిక్కు పెళ్లిళ్లలో ఆ సూట్‌కేసు సంగతి తెలిసిందే. బట్టలు, బూట్లు, వాచీ, సెంటు, సబ్బుపెట్టెతో సహా అన్నీ సర్ది ఆడపెళ్లివాళ్లు ఇస్తారు. చుట్టాలంతా చుట్టూ కూర్చుని ఒక్కొక్కటీ బయటకు తీసి చూస్తారు. అందులో షేవింగ్ సెట్ బాగాలేదంటే ఆ మాట పిల్లలు పుట్టేదాకా నడుస్తుంది. అందుకే ఈ వెన్నెల, అమీర్‌పేటలో టైలర్ మార్కండేయ చిన్నకూతురు, వానలో సైతం బయల్దేరింది.

ప్రవీణ్ మామూలు సెట్లు రెండు చూపించాడు. ఆమె పెదవి విరిచింది. ఇక ఏమనుకున్నాడో, తాళం తీసి లోపలి అద్దాల పెట్టెలోంచి ఆ ఒక్కటీ బయటకు తెచ్చాడు. నల్ల వెల్వెట్ గుడ్డ పరిచి, దేవుడి నగ పెట్టినట్టు దాని మీద పెట్టాడు.

ఒక స్టీలు సేఫ్టీ రేజర్. అంతే.

"ఎంత?"

"ఇరవై ఆరు వేలు."

"లోపల బంగారం ఉందా?"

"లేదు మేడం. మొత్తం స్టీలే."

"మా ఇంట్ల గ్లాసులు సుత స్టీలే," అంటూనే చేతిలోకి తీసుకుంది.

చల్లగా, బరువుగా ఉంది. ఆమె పిడిని తిప్పింది. మర చప్పుడు లేకుండా తిరిగి తల విడివడింది. మళ్లీ బిగించింది. రెండు ముక్కలూ కలిసినచోట గోరు పెట్టి గీసింది. టైలర్ కూతురు కదా, ఏ వస్తువు చూసినా అతుకు ఎక్కడుందా అని వెతుకుతుంది. గోరు ఎక్కడా ఆగలేదు.

"అతుకే దొరుకుతలేదు!" అంది నెమ్మదిగా. ఆ గొంతులో ఇప్పుడు వెటకారం లేదు. చిన్నపిల్ల మొదటిసారి ఏనుగును చూసినప్పటి గొంతు అది. "మనిషి చేసిండా దీన్ని?"

ప్రవీణ్ రోజుకు నాలుగుసార్లు తుడిచే వస్తువే అది. కానీ ఆమె అరచేతిలో చూశాక దాన్ని తనూ ఇవాళే చూస్తున్నట్టనిపించింది.

"గంత పైసలు పెట్టొచ్చంటవా?" అడిగింది.

"పెట్టొచ్చు మేడం. జిందగీ అంతా ఉంటది. కొడుకు, మనవడు సుత వాడొచ్చు."

"మా బాపును అడిగొస్త."

అడిగి వచ్చింది. మర్నాడు మళ్లీ ఇంకేదో అడగడానికి వచ్చింది. ఆ తర్వాత బ్రష్ సంగతి కనుక్కోవడానికి. వచ్చిన ప్రతిసారీ రేజర్ చేతిలోకి తీసుకోవడం, ఒక నిమిషం మౌనం, ఆ తర్వాత అరగంట కబుర్లు. మూడోసారికి మాటల్లోంచి 'అన్నా' అన్న పిలుపు మాయమైంది. ప్రవీణ్ అది గమనించి ఆ రోజు ఎర్రమంజిల్ దాకా మెట్రో ఎక్కకుండా ఈల వేసుకుంటూ నడిచి ఇంటికి పోయాడు.

ఆ సంతోషం మీద పిడుగు పడటానికి ఎంతోసేపు పట్టలేదు. మర్నాడు బ్రష్ కుచ్చును చెంపకు రాసుకుంటూ ఆమె యథాలాపంగా అంది.

"పెండ్లికొడుకు చెంప మస్తు సుకుమారమంట. మామూలు బ్లేడ్ తగిలితే దద్దుర్లొస్తయంట పాపం."

'పాపం'ట! ప్రవీణ్ గుండెలో కలుక్కుమంది. ఇన్నాళ్లూ ఆ పెళ్లికొడుకు ఎవరికి పెళ్లికొడుకో ఒక్కసారైనా ఆలోచించాడా? లేదు. సూట్‌కేసు ఆమె సర్దుతోంది, రేజర్ ఆమె ఏరుతోంది, చెంప సంగతి సైతం ఆమెకే తెలుసు. ఇంకేం చెప్పాలి?

"వద్దు మేడం," అనేశాడు.

"ఏం వద్దు?"

"గీ రేజర్. పైసలు దండగ. లోపల పెట్టే బ్లేడు మామూలు బ్లేడే. మీ బాపు కుట్లు విప్పనీకి వాడుతడే, అదే. దాని కోసం ఇరవై ఆరు వేలా? ప్లాస్టిక్‌ది ఇయ్యిండ్రి, సాలు."

వెన్నెల బ్రష్ కింద పెట్టింది. "మొన్న జిందగీ అంతా ఉంటదంటివి? మనవడు వాడుతడంటివి?"

"మొన్న... సేల్స్ మాట అది."

"అంటే అబద్ధమా?" ఆమె ముఖం ఎర్రబడింది. గొడుగు తీసుకుని గిర్రున తిరిగి వెళ్లిపోయింది. ఓంప్రకాష్ వెనక నుంచి చేతులు నడుం మీద పెట్టుకుని, "వచ్చిన కస్టమర్‌ను ఎల్లగొట్టే సేల్స్‌మ్యాన్‌ను నా సర్వీసుల చూడలే రా బై," అన్నాడు.

ఆ రాత్రి వాళ్లమ్మ వజ్రమ్మ వడ్డించిన అన్నం కంచంలో అలాగే ఉండిపోయింది.

మళ్లీ రాదనుకున్నాడు. వచ్చింది. పక్కన ఇంకో అమ్మాయి.

"అక్కా, గిదే. చూడు, ఈయననే దండగ అన్నడు."

అక్క మమత రేజర్ చూసి సిగ్గుపడింది. "మంచిగుంది గదనే! మా ఆయన మురిసిపోతడు."

మా ఆయన! ప్రవీణ్‌కు కాళ్ల కింద నేల తిరిగి వచ్చింది. పెళ్లి అక్కది! ఆ సుకుమారపు చెంప బావది! ఒక్కసారిగా లోకమంతా లైట్లు వేసినట్టయింది.

"తీసుకోండ్రి మేడం! గింత మంచి వస్తువు హైదరాబాద్ మొత్తంల దొరకదు! మనవడు కాదు, మునిమనవడు సుత వాడుతడు!"

వెన్నెల కళ్లు చిన్నవి చేసి చూసింది. "నీకు పిచ్చా? ఒకనాడు మంచిదంటవ్, ఒకనాడు దండగంటవ్. ఇయ్యాల మళ్ల మంచిదంటవ్. అసలు నువ్వు ఎన్నడన్న దీంతోని గీసుకున్నవా?"

"...లేదు."

"రేపు మా షాపుకు రా. మా బాపు ముంగట గీసుకో. ఒక చెంప ప్లాస్టిక్‌ది, ఒక చెంప గిది. నువ్వు ఏ మాట నిజం చెప్తున్నవో చూస్తం."

డెమో పీసు బయటకు తీసుకెళ్తానంటే ఓంప్రకాష్ నోరు తెరిచాడు. "వాటర్ ఫిల్టర్‌కు హోం డెమో ఉంటది. రేజర్‌కు ఏందిరా?" అన్నాడు గానీ, కుర్రాడి ముఖం చూసి ఇచ్చాడు.

మర్నాడు అమీర్‌పేట సందులో ఆ టైలర్ షాపు మెట్లెక్కిన మనిషిని చూసి వెన్నెల, "ఎవరు కావాలె?" అంది. గడ్డాన్ని ట్రిమ్మర్‌తో కురచగా కత్తిరించేసి వచ్చాడు కదా. గొంతు విన్నాక గానీ గుర్తుపట్టలేదు. ఇన్నాళ్లూ దాగి ఉన్న ముఖం అదన్నమాట! ఆమె చూపు తిప్పుకుని కత్తెర కోసం వెతికింది. కత్తెర చేతిలోనే ఉంది.

మార్కండేయ మెడలో టేపు వేసుకుని, ట్రయల్ అద్దం ముందు స్టూలు వేయించాడు. మగ్గులో నీళ్లు పెట్టించాడు. ఒక షిఫాన్ పీలిక చింపి పట్టుకున్నాడు.

"చెయ్యి పెట్టి చూస్తే సక్కగ తెల్వదు. నూగంత గరుకున్నా షిఫాన్ పట్టుకుంటది. ఎడమ దిక్కు ప్లాస్టిక్‌ది. కానీయ్."

అద్దంలో తన వెనక పెద్దాయన. పక్కన ఆమె. ప్రవీణ్ చెయ్యి వణికింది. దవడ దగ్గర చురుక్కుమని నెత్తురు చుక్క తేలింది. షిఫాన్ చెంప మీద లాగితే రెండుచోట్ల చిక్కుకుంది.

"ఇప్పుడు రెండోది," అన్నాడు మార్కండేయ.

ప్రవీణ్ కుడి చెంపకు నురగ పూసుకుని ఖరీదైన రేజర్ ఎత్తాడు. వెన్నెల అడ్డొచ్చింది.

"ఆగు. ముందు ఒకటి చెప్పు. నడుమ ఎందుకు దండగన్నవ్?"

ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకోవచ్చు. కానీ తప్పించుకుంటే ఇంకెప్పుడూ ఈ మెట్లు ఎక్కేది ఉండదు. చెప్తే పెద్దాయన ఈ మెట్ల మీద నుంచే దొర్లించవచ్చు. సగం ముఖం నురగతో, అద్దంలోంచే ఆమెను చూస్తూ చెప్పేశాడు.

"పెండ్లి నీదే అనుకున్న. నేను అమ్మిన రేజర్ పట్టుకొని ఎవడో పొద్దుగాల అద్దం ముంగట నిలబడుడు, పక్కన నువ్వు టవల్ పట్టుకొని నవ్వుడు... నాతోని కాలే. అందుకే అబద్ధం చెప్పిన. అక్కది అని తెలిసినంక పానం లేచొచ్చింది. నువ్వంటే నాకు మస్తు ఇష్టం. అంకుల్ ముంగటనే చెప్తున్న. కొడితే కొట్టుండ్రి."

పెద్దాయన చేతిలోని షిఫాన్ పీలికను వేలికి చుట్టుకున్నాడు.

"ఇల్లేడ?" అన్నాడు మార్కండేయ.

"ఎర్రమంజిల్ కాడ. మాది జనగామ దిక్కు అంకుల్. ఎవుసం చేసేటోళ్లం. మా బాపు కనకయ్య ఇప్పుడు ఈడనే ఆఫీసుల డ్రైవర్."

"మాది నేతకులం. తెలుసా?"

"తెలుసు అంకుల్."

పెద్దాయన నీళ్ల మగ్గును అతని ముందుకు జరిపాడు. తర్వాత, "నురగ ఆరిపోతుంది. గీసుకో," అన్నాడు.

ప్రవీణ్ రేజర్ ఆనించాడు. విచిత్రం! చెయ్యి వణకలేదు. ఒత్తాల్సిన పనే లేదు, దాని బరువుకు అదే దిగుతోంది. కొత్త బట్ట మీద కత్తెర నడిచినట్టు సన్నని చప్పుడు. నురగ తొలగినచోటల్లా కొత్త చర్మం మెరుస్తోంది. ఇన్నాళ్లూ తను అమ్మిన మాటలన్నీ నిజమేనా అని అతనే నోరు తెరుచుకుని అద్దంలో చూస్తుండిపోయాడు.

"నా వేళ్లకు కాయలు కాసినయ్. నువ్వు చూడు బిడ్డా," అని మార్కండేయ పీలికను కూతురికి ఇచ్చాడు.

వెన్నెల షిఫాన్‌ను అతని చెంప మీద పెట్టి లాగబోయింది. లాగక ముందే అది జారిపోయి కింద పడింది. ఆమె వేళ్లు మాత్రం అక్కడే ఆగిపోయాయి. అమ్మో, అనుకున్నాడు ప్రవీణ్. ఇరవై ఆరు వేలేంటి, ఆస్తి రాసిచ్చినా తక్కువే! ఆమె కళ్లలో మొదటిరోజు రేజర్‌ను చూసినప్పటి ఆశ్చర్యమే ఉంది, కానీ ఈసారి ఆమె చూస్తున్నది రేజర్‌ను కాదు.

"చాలుగాని చెయ్యి తియ్," అన్నాడు మార్కండేయ దగ్గి. ఆమె గబుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది.

"రేజరే గెలిచింది గదా బాపూ?"

"ఏం గెలుసుడు? ఎడమ చెంపప్పుడు పోరడు కడుపుల మాట దాచుకొని వణికిండు. కుడి చెంపప్పుడు దాచనీకి ఏం లేకుండె. తేడా ఏడొచ్చిందో ఎట్ల చెప్పాలె? వస్తువు మంచిదే, తీసుకుందాం. అక్క ముచ్చటపడ్డది." ఆగి, కూతురి వైపు తిరిగాడు. "ఈ ముచ్చట సంగతేంది? నువ్వేమంటవ్?"

వెన్నెల తల వంచుకుంది. "ఒక్క రేజర్‌కు అన్నిసార్లు పంజాగుట్టకు ఉత్తగనే పోయిన్నా బాపూ?"

మార్కండేయ నిట్టూర్చాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"నలభై ఏండ్ల సంది కొలతలు తీస్తున్న. వచ్చినోళ్లందరు టేపు పెట్టంగనే పొట్ట లోపలికి గుంజుతరు. టేపుకు సుత నిజం చెప్పరు మనుషులు. నువ్వు నా షాపులనే నిలబడి, కొట్టినా సరే అని చెప్పినవ్." మెడలోంచి టేపు తీశాడు. "ఆదివారం మీ అమ్మను, బాపును తోలుకరా. కులం సంగతి పెద్దోళ్లం కూసొని మాట్లాడుకుంటం. ఇప్పుడు లే, సక్కగ నిలబడు."

"నాకేం కుట్టియ్యొద్దు అంకుల్..."

"నోరు మూసుకొని నిలబడు. పెండ్లి సూటు ఆఖరికి హడావిడిగ కుట్టుడు నాకు నచ్చదు."

ప్రవీణ్ చేతులు వాటంతట అవే పైకి లేచాయి. పెద్దాయన భుజాలు కొలిచాడు, చేతులు కొలిచాడు. ఒక్కో అంకె ఆయన చెప్తుంటే వెన్నెల వెనక నుంచి తిరిగి చెప్తోంది, గొంతులో నవ్వు ఆపుకుంటూ. టేపు ఛాతీ చుట్టూ వచ్చింది. మార్కండేయ రెండుసార్లు కొలిచాడు. కుదరలేదు. తలెత్తి కుర్రాడి ముఖంలోకి చూసి, మెల్లగా వీపు తట్టాడు.

"ఊపిరి ఇడువు బిడ్డా," అన్నాడు. "ఇంక భయం లేదు."