ఆపరేషన్ తెల్ల ప్యాకెట్

రమేష్‌బాబుని నౌపడ ఉప్పు మడుల గట్టు మీద కాల్చి చంపారు. మెడలో వంశధార బజార్ ఐడీ కార్డు అలాగే ఉంది. ఫోను మాత్రం మాయమైంది. సూపర్ మార్కెట్ ఆఫీసులో కూర్చుని సబ్బుల బరువులూ బిస్కెట్ల పేర్లూ సరిచూసుకునే అమాయకుణ్ని చంపాల్సిన అవసరం ఎవరికొచ్చిందో పోలీసులు ఎంత బుర్ర గోక్కున్నా తేలలేదు.

ఢిల్లీలో బోర్డు లేని ఒక ఆఫీసుకి మాత్రం తేలింది. మర్నాడే ఏజెంట్ గోవింద్ ఆమదాలవలసలో రైలు దిగాడు. చేతిలో బిస్కెట్ల శాంపిల్ బ్యాగు, మొహాన సేల్స్‌మన్ నవ్వు. ప్లాట్‌ఫాం బెంచీ మీద బుట్ట పెట్టుకుని కూర్చున్న పెద్దమనిషి పక్కన చతికిలబడ్డాడు.

"పనసపండు ఉందా?"

"తొనలే మిగిలాయి. పండు టెక్కలి వెళ్ళిపోయింది."

కోడ్ సరిపోయింది. పెద్దమనిషి చీఫ్ నరసింగరావు.

"ప్రొడక్ట్ డేటా ఎక్స్చేంజ్ గురించి చదివావా?"

"చదివాను సార్. సప్లయర్ తన సరుకు పేరు, బరువు, అందులో ఏముందో ఒక్కసారి సెంట్రల్ డేటా పూల్‌లో పెడతాడు. షాపుల కంప్యూటర్లు అక్కణ్నుంచి లాక్కుంటాయి. మళ్ళీ ఎవరూ టైపు చెయ్యక్కర్లేదు."

"మళ్ళీ ఎవరూ చూడరు కూడా. అదే మన కొంప ముంచేది." చీఫ్ గొంతు తగ్గించాడు. "ఆర్కిడ్ అని విదేశీ ముఠా. వాళ్ళ దగ్గర ఒక రసాయనం ఉంది. చూడ్డానికి అచ్చం ఉప్పే, తింటే మనిషి దక్కడు. తెల్ల ప్యాకెట్లలో ఇక్కడి గోడౌన్‌కి చేరిందని సమాచారం. ప్యాకెట్ మీద ఉండేది కోడ్ ఒక్కటే. ఆ కోడ్‌కి పూల్‌లో ఏ పేరుంటే గోడౌన్ మిషను ఆ లేబులే వేసి అంటిస్తుంది. ఇప్పుడున్నది 'ఫ్యాక్టరీ వాడకానికి మాత్రమే'. రికార్డు మార్చి 'అయోడైజ్డ్ ఉప్పు' అన్నారనుకో..."

"నేరుగా షాపులకి వెళ్ళిపోతుంది."

"ముందు మన జిల్లా మీద ట్రయల్. పారితే దేశమంతా. రమేష్‌బాబు పసిగట్టాడు, కోడ్ మనకి చెప్పేలోగా పోయాడు. అతని ఆఫీసులోనే శైలజ అని డేటా కన్సల్టెంట్ ఉంది. ఆర్కిడ్ జీతం తింటూ మనకి కబుర్లు చేరవేస్తోంది."

"నమ్మొచ్చా సార్?"

"నమ్మడానికి మనకింకెవరున్నారయ్యా?"

ఆ జవాబు గోవింద్‌కి రుచించలేదు.

వారం రోజులు వంశధార బజార్ ఆఫీసులో బిస్కెట్ల వివరాలు ఎక్కించే నెపంతో తిరిగాడు. శైలజ విదేశాల్లో పుట్టి పెరిగిన పిల్ల. నల్లకళ్ళద్దాలు, ఖరీదైన సెంటు, పుస్తకం చదివినట్టుండే తెలుగు. రోజూ టీకి పిలిచేది. చిటికెడు చిటికెడు సమాచారం ఇచ్చేది. ఆ టీ వేళ కోసం తను ఎదురుచూస్తున్నాడని తెలిసి గోవింద్ తనని తనే తిట్టుకున్నాడు. ఈ ఉద్యోగంలో మనసు పారేసుకోవడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు.

ఎనిమిదో రోజు పొద్దున్నే అక్క గౌరి ఫోన్ చేసింది. తమ్ముడు కంప్యూటర్ల లైనులో ఉన్నాడనే ఆవిడకి తెలుసు.

"ఒరే గోవిందూ, ఇయ్యేల గంగమ్మ పండగరా. వస్తన్నావా నేదా? రాత్రి వంట నాదే. మన భావనపాడు ఊరు ఊరంతా తింటాది."

"సాయంత్రానికి వచ్చేస్తానక్కా. సరుకులన్నీ తెచ్చుకున్నావా?"

"ఏటి తెచ్చుకున్నాను? గున్నమ్మ నడిపే వంశధార బజార్ షాపు భోజనాలయ్యాక తీస్తాది. అప్పుడెల్లి ఉప్పూ సింతపండూ తేవాల."

గోవింద్‌కి వద్దక్కా అని నోటిదాకా వచ్చింది. ఎందుకని అడిగితే చెప్పకూడదు. ఫోన్లు ఆర్కిడ్ వింటూ ఉండొచ్చు, అందులో చెబితే రమేష్‌బాబు ప్రాణం పోగొట్టుకుని తెచ్చిన ఆచూకీ గంగపాలు. రికార్డు రేపు మారుతుందని శైలజ చెప్పింది కదా అని సర్దిచెప్పుకున్నాడు. ఫోన్ పెట్టేశాక తన మీద తనకే అసహ్యం వేసింది.

మధ్యాహ్నం స్టాఫ్ భోజనాలకి వెళ్ళగానే రమేష్‌బాబు కుర్చీలో కూర్చున్నాడు. చేతి గడియారంలోంచి చిన్న ప్లగ్ లాగి కంప్యూటర్‌కి తగిలించాడు. తాళాలు వరసగా విడిపోయాయి. ఉప్పు రికార్డులు తెరిచాడు. ఒక కొత్త కోడ్ నిన్ననే 'అయోడైజ్డ్ ఉప్పు'గా మారింది. లారీలు పొద్దున్నే సరుకు దింపేసి వెళ్ళాయి.

"చేతులు పైకి," అంది వెనక నుంచి శైలజ.

ఆమె చేతిలో ఉన్నది బార్‌కోడ్ స్కానర్. దాని గాజు కన్ను ఉండాల్సిన చోట చిన్న గొట్టం ఉంది.

"రమేష్‌బాబుకీ దీన్నే చూపించావా?"

"పాపం, మంచివాడు. మీరూ మంచివారే." ఆమె గొంతులో నిజంగానే కొంచెం విచారం ఉంది. అది గోవింద్‌ని ఇంకా మండించింది. "పూల్‌లో రికార్డు సప్లయర్ తప్ప ఎవరూ మార్చలేరు. సప్లయర్ మేమే. మొదటి అమ్మకం చూసి వెళ్ళమన్నారు. మీరూ చూడండి."

గోడ మీది పెద్ద స్క్రీన్‌లో షాపులన్నీ వరసగా ఉన్నాయి. ఆ ఉప్పు అమ్మకం అన్నింటా సున్నా. భోజనాలయ్యాక షాపులు ఒక్కొక్కటే తెరుచుకుంటున్నాయి. భావనపాడు కౌంటర్‌లో బిల్లు మొదలైంది. కస్టమర్ పేరు గౌరి. చింతపండు. ఎండుమిర్చి.

గోవింద్ స్క్రీన్ మీంచి కంప్యూటర్ వైపు చూపు తిప్పాడు. పూల్ వాళ్ళది. పూల్‌లో లేనిది ఈ కంప్యూటర్‌లో ఏముంది?

అప్పుడు తట్టింది. దీపాలు పెట్టాక ఈ జిల్లాలో ఏ షాపులోనూ ఉప్పు అమ్మరు. అమ్మితే లక్ష్మి వెళ్ళిపోతుందని భయం. మొదట్లో పిల్ల క్యాషియర్లు అమ్మేస్తుంటే ఓనర్ సుభద్రమ్మ ఇల్లు పీకి పందిరేసిందట. దాంతో రమేష్‌బాబు సిస్టమ్‌లోనే ఒక రూలు పెట్టాడు. దీపాల వేళ దాటితే ఉప్పు బిల్లు పడదు. ఏ సప్లయర్‌కీ దాంతో పనిలేదు, ఏ పూల్‌లోనూ అది ఉండదు. ఈ వారంలోనే స్టాఫ్ ఇదంతా నవ్వుకుంటూ చెప్పారు.

"ఒక్క టైము సరిచేసి లేస్తాను," అన్నాడు.

"చచ్చే ముందు టైమా? ఏమిటది?"

"షాపుల్లో దీపాలు పెట్టే వేళ."

నిజమే చెప్పాడు. శైలజ పకపకా నవ్వింది. "మార్చుకోండి. కరెంటు బిల్లు సుభద్రమ్మగారు కడతారు."

భావనపాడు బిల్లులో మూడో వస్తువు పడింది. ఉప్పు, పది ప్యాకెట్లు. గోవింద్ సాయంత్రాన్ని చెరిపి మధ్యాహ్నాన్ని రాసి ఎంటర్ నొక్కాడు.

ఉప్పు గీత ఎర్రబడింది. 'దీపాలయ్యాయి. ఉప్పు రేపు.' మళ్ళీ స్కాన్ చేశారు. మళ్ళీ ఎరుపు. అక్కడ అక్క గొడవ పడుతోందని గోవింద్‌కి అర్థమైంది. అక్క గొడవకి దిగితే పోలీసులే తప్పుకుంటారు. మూడోసారి ఎరుపు. అతను ఊపిరి బిగబట్టి చూస్తుండగా చింతపండు, ఎండుమిర్చితో బిల్లు మూసుకుంది. జిల్లా అంతటా కౌంటర్లు ఎర్రగా వెలిగాయి.

శైలజ నవ్వు ఆగిపోయింది. ట్రిగ్గర్ నొక్కేసరికి గోవింద్ కుర్చీతో సహా పక్కకి దొర్లాడు. గుండు తగిలి కంప్యూటర్ పేలింది. చప్పుడు విని, బయట కలాసీల వేషంలో కాపు కాస్తున్న చీఫ్ మనుషులు తలుపు బద్దలు కొట్టుకుని లోపలికి దూకారు.

బేడీలు పడ్డాక ఆమె అడిగింది. "ఏం చేశారు మీరు?"

గోవింద్ బిస్కెట్ల బ్యాగు తీసుకుని, వారం రోజులు టీ తాగిన బల్ల దాటి బయటికి నడిచాడు.

పొద్దు గుంకేలోగా 'కంపెనీ వెనక్కి పిలిచింది' అనే వంకతో షాపుల్లోని ఉప్పంతా ఊడ్చుకుపోయారు. మంచిదేదో చెడ్డదేదో ఏరే తీరిక లేదు. గోవింద్ భావనపాడు చేరేసరికి పంక్తులు కూర్చున్నాయి. ఊరు ఊరంతా తింటోంది. పిల్లలు, ముసలాళ్ళు, వలల మీంచి లేచొచ్చిన మగాళ్ళు. అతను ఒక్కొక్క మొహమే చూసుకుంటూ వెళ్ళి పంక్తి చివర కూర్చున్నాడు.

గౌరి విస్తట్లో చేపల పులుసు పోసింది. మొహం మాడిపోయి ఉంది.

"గున్నమ్మకేటైనాదో గానీ, కంప్యూటర్ సెప్పినాదని మిట్టమద్దేనం దీపం ఎట్టీసింది! ఎంత దెబ్బలాడినా ఉప్పు ఇవ్వనేదు. ఇళ్ళల్లో ఉన్న గుప్పెడు ఊరందరికీ ఏటి సాల్తాది? ఉప్పుమడుల కాడికి మనిషిని తోల్దామంటే పండగ పూట ఎవుడూ కదల్నేదు. ఊరంతా సప్పిడి తిండి తిని నన్ను తిడతన్నారు. ఒరే, నువ్వు ఆ కంప్యూటర్ల లైనులోనే ఉన్నావు కదేటి? ఓపాలి సూడకూడదా?"

"చూశానక్కా," అన్నాడు గోవింద్. ఇంకొంచెం పులుసు పొయ్యమని విస్తరి ముందుకి జరిపాడు.